పాలసీ పట్టాకు ముందు క్షేత్రంలో రెండేళ్లు

ప్రభుత్వం ఏ సమస్యను తన బాధ్యతగా తీసుకోవాలి, దాని పరిష్కారానికి ఎంత ఖర్చు పెట్టాలి, పెట్టిన ఖర్చు అసలైన లబ్ధిదారుకు చేరిందో లేదో ఎలా తేల్చుకోవాలి అన్న ప్రశ్నలను అర్థశాస్త్రం, గణాంకశాస్త్రం, రాజనీతిశాస్త్రాల సాయంతో విచారించే చదువును పబ్లిక్ పాలసీ, అంటే ప్రభుత్వ విధాన అధ్యయనం అంటారు. డిగ్రీ మార్కులు, ప్రవేశ పరీక్ష ర్యాంకు ఉంటే సీటు దొరికే ఎంటెక్, ఎంసీఏ వంటి కోర్సులకూ దీనికీ ఒక తేడా ఉంది. పేరున్న పాలసీ విద్యాలయాలు అభ్యర్థి ఏం చదివాడన్నదానితో పాటు చదువు ముగిశాక ఏం చేశాడన్నది కూడా అడుగుతాయి. ఆ ప్రశ్న ఎందుకు వస్తుందో గ్రహించకుండా, అనుభవం అంటే దరఖాస్తులో నింపవలసిన మరో గడి మాత్రమే అనుకునే యువత విలువైన ఏళ్లను ధ్రువపత్రాల సేకరణలో గడిపేస్తోంది. ఆ ప్రశ్నకు జవాబు కాగల పని తమ ఊరి చుట్టూనే ఉన్నదన్న సంగతి చాలామందికి తట్టడం లేదు.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్‌లో, జీఈ రోడ్డు పక్కనున్న నెహ్రూ నగర్ వంటి కాలనీల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ మాట మరింతగా వర్తిస్తుంది. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో మొదలై, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఉక్కు కర్మాగారం దేశం నలుమూలల నుంచి కార్మికులను రప్పించుకుంది. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ చేరే రైలు మార్గం అప్పటికే ఉండడంతో ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చినవారు వారిలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. మొదటి తరం కొలిమి దగ్గర పనిచేసింది, రెండో తరం ఇంజినీరింగ్ చదివింది. కర్మాగారంలో శాశ్వత ఉద్యోగాలు తగ్గి కాంట్రాక్టు పని పెరిగిన కాలంలో పెరిగిన మూడో తరం ముందు సాఫ్ట్‌వేర్, సివిల్స్ అన్న రెండు దారులతో పాటు ఇప్పుడు పాలసీ చదువు అన్న మూడో దారి కూడా కనిపిస్తోంది. ఈ దారిలోకి ఎప్పుడు అడుగుపెట్టాలి, అంతకు ముందు ఏం చేసి ఉండాలి అన్నది ఇంట్లో అమ్మానాన్నలతో చర్చించి తేల్చుకోవలసిన ప్రశ్న.

అనుభవాన్ని ఎందుకు అడుగుతారు

పబ్లిక్ పాలసీ ప్రత్యేక శాస్త్రంగా అమెరికాలో 1960ల చివర రూపుదిద్దుకుంది. అది తన పునాదిలోనే క్షేత్రంలో ఎదురైన వైఫల్యాల అధ్యయనాన్ని చేర్చుకుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1969లో బర్కిలీలో నెలకొల్పిన పాలసీ స్కూలుకు తొలి డీన్‌గా పనిచేసిన ఆరన్ విల్డావ్‌స్కీ, జెఫ్రీ ప్రెస్‌మన్‌తో కలిసి 1973లో ‘ఇంప్లిమెంటేషన్’ అనే పుస్తకం ప్రచురించారు. ఓక్లాండ్ నగరంలోని నిరుద్యోగులకు, ముఖ్యంగా నల్లజాతి వారికి ఉపాధి కల్పించాలని అమెరికా కేంద్ర ప్రభుత్వం నిధులు మంజూరు చేసింది. స్థానికంగా దాన్ని గట్టిగా వ్యతిరేకించినవారు కూడా లేరు. అయినా ఆ పథకం ఎందుకు నీరుగారిపోయిందో ఆ పుస్తకం వివరించింది. నిధుల మంజూరు నుంచి పని పూర్తయ్యే దాకా వేర్వేరు కార్యాలయాలు, వ్యక్తులు అంగీకరించవలసిన సందర్భాలు 70 ఉన్నట్టు రచయితలు లెక్కగట్టారు. ఒక్కొక్క చోట అంగీకారం దొరికే అవకాశం నూటికి 99 పాళ్లు ఉన్నా, 70 చోట్లా వరుసగా దొరికే అవకాశం సగానికంటే తక్కువకు పడిపోతుంది. ఈ గుణకారం ఎవరైనా చేయవచ్చు. కానీ ఆ 70 చోట్లలో ఫైలు ఎందుకు ఆగుతుందో, ఆగినప్పుడు దాన్ని ఎవరు కదిలిస్తారో తెలియాలంటే అటువంటి గొలుసులో ఒక లంకెగా కొంతకాలం పనిచేసి ఉండాలి.

పాలసీ తరగతి గదిలో బోధన ఎక్కువగా కేసు చర్చల రూపంలో సాగుతుంది. కేసు అంటే ఒక ప్రభుత్వ నిర్ణయం తాలూకు వాస్తవ పరిస్థితులను విద్యార్థుల ముందుంచి, ఆ స్థానంలో తామే ఉంటే ఏం చేసేవారో తర్కించమనడం. ఆ చర్చలో ఒకరు ఆసుపత్రి మందుల కొనుగోలు చూసి వచ్చినవారైతే, మరొకరు నగరపాలక సంస్థలో పన్నుల వసూలు చూసినవారైతే పాఠం బలపడుతుంది. అందరూ ఇరవై రెండేళ్లకే నేరుగా వచ్చినవారైతే చర్చ పుస్తకం దాటదు. అందువల్ల ఈ విద్యాలయాలు అనుభవం ఉన్న విద్యార్థిని తోటి విద్యార్థులకు పాఠం చెప్పే సహాధ్యాపకుడి లాగా ఎంచుకుంటాయి.

అయితే కోర్సులన్నీ ఒకే అనుభవాన్ని కోరవు. మాస్టర్ ఆఫ్ పబ్లిక్ పాలసీ, అంటే ఎంపీపీ, విశ్లేషణ నేర్పే కోర్సు. దీనికి రెండు, మూడేళ్ల అనుభవం ఉంటే మేలు గానీ చాలాచోట్ల తప్పనిసరి కాదు. మాస్టర్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఎంపీఏ, యంత్రాంగాన్ని నడిపే నేర్పు మీద దృష్టి పెడుతుంది. హార్వర్డ్ కెనడీ స్కూల్ తన రెండేళ్ల ఎంపీఏకు కనీసం 3 ఏళ్లు, ఉద్యోగ జీవితం మధ్యలో ఉన్నవారి ఏడాది ఎంపీఏకు కనీసం 7 ఏళ్లు కోరుతుంది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఏడాది ఎంపీపీకి సైతం 7 ఏళ్ల నియమమే ఉంది. మన దేశంలో బెంగళూరు నేషనల్ లా స్కూల్ 2014లో ఎంపీపీ మొదలుపెట్టింది. హైదరాబాద్‌లో 2021లో గీతం విశ్వవిద్యాలయం కింద ఏర్పడిన కౌటిల్య స్కూల్ ఆఫ్ పబ్లిక్ పాలసీ కూడా ఎంపీపీ నడుపుతోంది. ఇటువంటి చోట్ల డిగ్రీ కాగానే చేరే వీలుంది. వీలున్నంత మాత్రాన వెంటనే చేరడమే మంచిదని చెప్పడానికి లేదు. అనుభవం లేని విద్యార్థికి రెండేళ్ల తర్వాత దొరికే ఉద్యోగం, అనుభవం తరవాత చేరిన విద్యార్థికి దొరికే ఉద్యోగం ఒకే స్థాయిలో ఉండవు.

చేతికందే దూరంలో ఉన్న పాఠశాల

భిలాయ్ తెలుగు యువత చాలామందికి పాలసీ అనుభవమంటే ఢిల్లీలోని పరిశోధన సంస్థలు, మంత్రిత్వ శాఖల్లో ఇంటర్న్‌షిప్‌లు గుర్తుకొస్తాయి. నిజానికి ఈ నగరం చుట్టూ వంద కిలోమీటర్ల వలయంలో విధాన అధ్యయనానికి దొరికే విషయం ఇంత దట్టంగా మరెక్కడైనా ఉంటుందా అన్నది సందేహమే.

రేషన్ వ్యవస్థ ఒక ఉదాహరణ. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2004లో తెచ్చిన నియంత్రణ ఉత్తర్వుతో రేషన్ దుకాణాలను ప్రైవేటు డీలర్ల నుంచి తప్పించి గ్రామ పంచాయతీలకు, మహిళా స్వయం సహాయక బృందాలకు, సహకార సంఘాలకు అప్పగించింది. కేంద్రం 2013లో ఆహార భద్రత చట్టం చేయడానికి ముందే, 2012లో సొంత చట్టం చేసుకుంది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకాన్ని అమలుచేసిన సంగతిని ఇంట్లో పెద్దల నోట విన్న తెలుగు విద్యార్థి, ఈ రెండు అనుభవాలనూ పక్కపక్కన పెట్టి చూడగలిగితే అది ప్రవేశ వ్యాసానికి పనికొచ్చే అసలైన ప్రశ్న అవుతుంది. ధర తగ్గించడం ఒక సంస్కరణ, దుకాణం ఎవరి చేతిలో ఉండాలో మార్చడం మరో సంస్కరణ. రెండింటిలో ఏది చౌర్యాన్ని ఎక్కువగా అరికట్టిందన్నది దుకాణం ముందు నెలల తరబడి నిలబడి రిజిస్టర్లు చూసినవారు మాత్రమే తర్కించగలరు.

ఆరోగ్య రంగం ఇంకా లోతైనది. 2002లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన మితానిన్ కార్యక్రమంలో ప్రతి పల్లెపాడు తన మహిళల్లోంచి ఒకరిని ‘మితానిన్’ అనే ఆరోగ్య కార్యకర్తగా ఎన్నుకుంటుంది. వీరి సంఖ్య దాదాపు 70 వేలు. 2005లో జాతీయ స్థాయిలో వచ్చిన ఆశా కార్యకర్తల పథకానికి ఈ కార్యక్రమం ఒక నమూనాగా నిలిచింది. రాజనీతి శాస్త్రవేత్త మైకేల్ లిప్‌స్కీ 1980లో ‘వీధిస్థాయి అధికార యంత్రాంగం’ అనే భావన మీద పుస్తకం ప్రచురించారు. చట్టం కాగితం మీద ఎలా ఉన్నా, పౌరుడికి ఎదురుపడే ఉపాధ్యాయుడు, నర్సు, కానిస్టేబులు తమ విచక్షణతో చేసే పనే ఆ పౌరుడికి అనుభవంలోకి వచ్చే ప్రభుత్వ విధానం అన్నది ఆయన వాదం. మితానిన్ ఇంటింటికీ తిరిగే రోజులో ఏ ఇంటికి ముందు వెళ్తుంది, ఏ ఇంటిని వదిలేస్తుంది, ఎందుకు అన్నది ఏడాది పాటు గమనించిన యువతికి లిప్‌స్కీ పుస్తకం సులువుగా అర్థమవుతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఆ పుస్తకంతో ఎక్కడ విభేదించాలో కూడా తెలుస్తుంది.

కర్మాగారానికి ఇనుప ఖనిజం అందించే దల్లీ రాజహరా గనులు మరో పాఠం. అక్కడ శంకర్ గుహా నియోగి నాయకత్వంలో సంఘటితమైన కాంట్రాక్టు గని కార్మికులు 1983లో తమ శ్రమతో, చందాలతో షహీద్ ఆసుపత్రి నిర్మించుకున్నారు. ఇక 2015లో గనుల చట్టాన్ని సవరించినప్పుడు ప్రతి గనుల జిల్లాలో ఖనిజ నిధి సంస్థ ఏర్పడింది. పాత లీజుదారులు ప్రభుత్వానికి కట్టే రాయల్టీ మీద అదనంగా 30 శాతం, వేలంలో లీజు పొందినవారు 10 శాతం ఈ నిధికి చెల్లించాలి. ఆ డబ్బు గనుల వల్ల నష్టపోయిన ఊళ్లకే ఖర్చు కావాలి. నష్టపోయిన ఊరు అంటే ఏది, ఆ నిర్ణయంలో గ్రామసభ మాట ఎంత చెల్లింది, తాగునీటికి ఎంత పోయింది, భవనాలకు ఎంత పోయింది అన్న లెక్కలు తీయడానికి సమాచార హక్కు చట్టం, ఓపిక, స్ప్రెడ్‌షీట్ పరిజ్ఞానం చాలు. ఒక జిల్లా ఖనిజ నిధి వ్యయాన్ని మూడేళ్లకు ఊరి వారీగా పట్టిక వేసి, అందులోంచి పది గ్రామాలు తిరిగి చూసివచ్చిన అభ్యర్థి దరఖాస్తు, పేరు గొప్ప సంస్థలో రెండు నెలలు కూర్చుని వచ్చిన దరఖాస్తు కంటే బలంగా నిలుస్తుంది.

నగరంలోనే చూడదలచుకున్నవారికి పరిపాలన పరిధుల సమస్య ఉంది. సెక్టార్లతో కూడిన టౌన్‌షిప్‌ను కర్మాగారం నిర్వహిస్తుంది. నెహ్రూ నగర్, ఖుర్సీపార్ వంటి ప్రాంతాలు నగరపాలక సంస్థ కిందికి వస్తాయి. 2018లో భిలాయ్‌లో డెంగీ ప్రబలినప్పుడు ప్రాణనష్టం జరిగింది. ఒకే నగరంలో పారిశుద్ధ్య బాధ్యత రెండు యంత్రాంగాల మధ్య చీలి ఉన్నచోట నివారణ చర్యలను ఎలా కలిపి నడపాలన్నది ఇప్పటికీ ఎవరైనా శ్రద్ధగా చేపట్టదగిన పరిశీలన.

పార్వతీపురం నుంచి రిజర్వు బ్యాంకు దాకా

పని ముందు, చదువు తర్వాత అన్న క్రమానికి తెలుగువారిలో దువ్వూరి సుబ్బారావు జీవితం గట్టి నిదర్శనం. ఏలూరులో పుట్టి, ఐఐటీల్లో ఫిజిక్స్ చదివి, 1972లో ఐఏఎస్‌కు దేశంలో మొదటి ర్యాంకుతో ఎంపికైన ఆయన సబ్ కలెక్టర్‌గా పనిచేసింది అప్పటి శ్రీకాకుళం జిల్లాలోని గిరిజన ప్రాంతమైన పార్వతీపురంలో. ఆ తర్వాతే, 1978లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో ఎంఎస్ పూర్తిచేశారు. 1982-83లో హంఫ్రీ ఫెలోగా ఎంఐటీలో గడిపారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ పొందారు. రాష్ట్ర ఆర్థిక కార్యదర్శిగా, ప్రపంచ బ్యాంకులో, కేంద్ర ఆర్థిక కార్యదర్శిగా పనిచేసి 2008 నుంచి 2013 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్నారు. భౌతికశాస్త్రం చదివిన వ్యక్తి అర్థశాస్త్రం వైపు మళ్లే ముందు జిల్లా పాలనను దగ్గరగా చూశారన్నది గుర్తుంచుకోదగిన క్రమం. భిలాయ్ పక్కనున్న దుర్గ్ నుంచి 2024 సెప్టెంబరులో మొదలైన విశాఖపట్నం వందేభారత్ రైలు ఆగే స్టేషన్లలో పార్వతీపురం ఒకటి. భిలాయ్ యువతకు ఆ క్షేత్రం ఒక్క పూట ప్రయాణం.

ఐఏఎస్ వచ్చినవారికే ఇది సాధ్యమని అనుకోనవసరం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ, పింఛన్ల చెల్లింపులను వేలిముద్రలతో కూడిన స్మార్ట్‌కార్డుల ద్వారా చేసినప్పుడు ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ దాని ఫలితాలను 157 మండలాల్లో, 1 కోటీ 90 లక్షల జనాభా పరిధిలో పరీక్షించారు. ఏ మండలాల్లో కార్డులు ముందు రావాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించి, ముందు వచ్చిన మండలాలను తర్వాత రాబోయే మండలాలతో పోల్చే ఈ పద్ధతిని యాదృచ్ఛిక ప్రయోగం అంటారు. చెల్లింపులు వేగవంతమయ్యాయనీ, సొమ్ము కైంకర్యం తగ్గిందనీ తేల్చిన ఆ అధ్యయనం వెనుక ఊరూరా తిరిగిన సర్వే బృందాలు, వారిని నడిపిన యువ పరిశోధన సహాయకులు ఉన్నారు. ఇటువంటి అధ్యయనాల్లో ఏడాది, రెండేళ్లు పనిచేయడం పాలసీ స్కూళ్లకు బాగా నలిగిన బాట. తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ మూడూ ధారాళంగా మాట్లాడే భిలాయ్ యువతకు ఇందులో ఉన్న అనుకూలతను ఏ కోచింగ్ సెంటరూ అమ్మలేదు. ఉత్తరాంధ్ర యాసలో పలకరిస్తే తలుపు తెరిచే ఇల్లు, ఛత్తీస్‌గఢీలో పలకరిస్తే మనసు విప్పే ఇల్లు, రెండూ వారికి సొంత ఇళ్లే. అనువాదకుడి అవసరం లేకుండా జవాబు వినగల పరిశోధకులు అరుదు.

వ్యవస్థీకృతమైన అవకాశాలూ ఉన్నాయి. పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ 2010 నుంచి నడుపుతున్న ల్యాంప్ ఫెలోషిప్‌లో 25 ఏళ్లు దాటని పట్టభద్రులు దాదాపు ఏడాది పాటు ఒక పార్లమెంటు సభ్యుడికి శాసన సహాయకులుగా పనిచేస్తారు. ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్‌లో 13 నెలలు పల్లెల్లో గడపాలి. ఆంధ్రప్రదేశ్ 2009లో సామాజిక తనిఖీ కోసం ఏర్పాటుచేసిన స్వతంత్ర సొసైటీ, గ్రామీణ యువతకే శిక్షణ ఇచ్చి ఉపాధి హామీ లెక్కలను ఊరి ముందు చదివించే పద్ధతిని దేశానికి చూపింది. భిలాయ్ పక్కనే ఉన్న రాజనందగావ్, 2018లో ప్రకటించిన 112 ఆకాంక్షిత జిల్లాల్లో ఒకటి. వెనుకబడిన జిల్లాలను ఆరోగ్యం, విద్య వంటి సూచికలతో నెలనెలా కొలిచే ఆ కార్యక్రమం స్వచ్ఛంద సంస్థలకూ యువ నిపుణులకూ పని కల్పించింది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఐఐఎం రాయపూర్‌తో కలిసి ప్రారంభించిన ముఖ్యమంత్రి సుశాసన్ ఫెలోషిప్ పనినీ పట్టానూ ఒకే కోర్సులో కలిపింది. ఫీజు రాష్ట్రమే భరించే ఈ కోర్సు రాష్ట్రవాసులకు ఉద్దేశించినది కాబట్టి, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు తమ స్థానికత పత్రాలను ముందే సరిచూసుకోవడం మంచిది.

సివిల్స్ ఏళ్లను ఎలా చూడాలి

తెలుగు ఇళ్లలో ఎక్కువగా ఎదురయ్యే సందర్భం ఇది. డిగ్రీ తర్వాత నాలుగైదేళ్లు సివిల్స్‌కు సిద్ధమై, ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగిపోయిన యువత పాలసీ చదువు వైపు చూస్తుంది. వారి రాజ్యాంగ పరిజ్ఞానం, వ్యాస రచనా పటిమ నిజమైన ఆస్తులు. కానీ ప్రవేశ సంఘాలు ఆ ఏళ్లను ఉద్యోగానుభవంగా లెక్కించవు. ఎవరికీ జవాబుదారీ కాని చదువులో తప్పు జరిగితే నష్టపోయేది చదివినవారొక్కరే, ఉద్యోగంలో తప్పు జరిగితే మరొకరు కూడా నష్టపోతారు. ఆ బాధ్యత మోసిన గుర్తు కోసమే ప్రవేశ సంఘాలు వెతుకుతాయి. సిఫారసు లేఖ దగ్గర ఇబ్బంది మరింత స్పష్టంగా బయటపడుతుంది. పనిని దగ్గరుండి చూసిన పై అధికారి రాసే ఆ లేఖలో అభ్యర్థి ఒత్తిడిలో ఎలా నడుచుకున్నాడో ఉండాలి. కోచింగ్ సంస్థ అటువంటి లేఖ ఇవ్వలేదు. రెండు ప్రయత్నాల తర్వాత ప్రిపరేషన్‌తో పాటు పార్ట్‌టైమ్‌గానైనా ఒక సంస్థలో చేరడం అన్ని విధాలా క్షేమం. ఇంట్లో పెద్దలు దాన్ని వెనుకంజగా భావించకూడదు.

ఇంజినీర్ల పరిస్థితి దీనికి భిన్నం. వారికి గణితం ఉంటుంది, ఉద్యోగమూ ఉంటుంది, ప్రజా జీవితంతో సంబంధమే తక్కువ. ఉక్కు కర్మాగారంలోనో సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో పనిచేస్తూ, ఆ పనిలోని భద్రత, కాలుష్యం, కాంట్రాక్టు కార్మికుల వేతనాలు, సమాచార వ్యవస్థల వంటి అంశాల్లో ఒకదాన్ని పట్టుకుని రాయగలిగితే అదీ పాలసీ అనుభవమే. ఉద్యోగం మానుకోవలసిన అవసరం లేదు.

ఖర్చు సంగతి

జీతం లేని ఇంటర్న్‌షిప్‌లతో నిండిన దరఖాస్తు తరచూ అభ్యర్థి తండ్రి సంపాదనకు సాక్ష్యం తప్ప అభ్యర్థి సామర్థ్యానికి కాదు. కాంట్రాక్టు కార్మికుడి బిడ్డకు రెండేళ్లు ఉచితంగా పనిచేసే స్తోమత ఉండదు. అందువల్ల జీతం వచ్చే పనినే ఎంచుకోవాలి, అది చిన్న సంస్థ అయినా సరే. బ్రిటన్ ప్రభుత్వ చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కు 2,800 గంటల అనుభవం, అంటే సుమారు రెండేళ్ల పని ఉండాలి. పార్ట్‌టైమ్, స్వచ్ఛంద సేవ గంటలూ అందులో కలుస్తాయి. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్ 3 ఏళ్లు కోరుతుంది. ప్రిన్స్‌టన్ రెండేళ్ల ఎంపీఏలో చేరిన విద్యార్థులకు పూర్తి ట్యూషన్ ఫీజు విశ్వవిద్యాలయమే భరిస్తుంది. కాబట్టి క్షేత్రంలో గడిపిన కాలం ప్రవేశానికే గాక చదువు ఖర్చుకు కూడా తాళంచెవి. అప్పు చేసి అనుభవం లేకుండా వెళ్లడం కంటే, రెండేళ్లు ఆగి స్కాలర్‌షిప్‌తో వెళ్లడం మధ్యతరగతి కుటుంబానికి నిస్సందేహంగా మేలైన లెక్క.

ఆ రెండేళ్లలో గణాంకశాస్త్రం, సూక్ష్మ అర్థశాస్త్రం మరిచిపోకుండా సాయంత్రాలు చదువుకోవాలి. చూసినదాన్ని తేదీలతో రాసుకోవాలి. మూడు, నాలుగేళ్లు దాటితే గణితం చేయి జారుతుంది, జీతం వదులుకోవడం కష్టమవుతుంది.

భిలాయ్‌లో తెలుగు సంఘాలు గుళ్లు కట్టాయి, పండుగలు నిలబెట్టాయి, సాహిత్య సభలు జరిపాయి. ఇప్పుడు ఈ నగరంలోని తెలుగు ఉద్యోగులు, విశ్రాంత అధికారులు, వైద్యులు ముందుకొచ్చి, ఏడాదికి కనీసం ఇద్దరు ముగ్గురు పిల్లలకు జిల్లా కార్యాలయాల్లో, ఆసుపత్రుల్లో, గని గ్రామాల్లో పనిచేసేందుకు నెలవారీ భత్యమూ, పనిని చూసి నిజాయితీగా లేఖ రాసే పెద్దదిక్కూ ఏర్పాటు చేయాలి.